కాగితం గ్లాసు మర్యాద

వ్యవసాయ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు వికారాబాదులో మా ఇంటికి వస్తుంటారు. రిటైరైనవాడికి తీరికే తీరిక అని ఎవరో చెప్పి పంపిస్తారు కాబోలు. అందరూ అడిగేది ఒకటే. "సార్, ఊళ్లల్ల రైతులతోటి ఎట్ల కలిసిపోవాలె?" అంటారు. నకిలీ విత్తనాల గొడవలు, వడగళ్ల వానలు, నన్ను చెట్టుకు కట్టేస్తామన్న ఊరు, అన్నీ చెబుతాను. వాళ్లు నవ్వుకుంటూ చాయ్ తాగి వెళ్లిపోతారు. ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఎదురుగా కూర్చున్న మనుషులకు చెప్పడం నా వల్ల కాలేదు. అందుకని రాస్తున్నాను. చదివేవాళ్ల మొహాలు కనబడవు కదా, రాతలో ఆ సుఖం ఉంది.

అంతకు ముందు చాలా ఏళ్లలాగే నా ఉద్యోగంలో చివరి ఏడాది కూడా తాండూరులోనే గడిచింది. పొద్దున వికారాబాదులో రైలెక్కడం, తాండూరులో దిగడం, సాయంత్రం మళ్లీ వెనక్కి. మా ఆవిడ పోయాక ఇంట్లో నేనొక్కణ్ణే. బిడ్డను పరిగిలో ఇచ్చాం. రోజూ ఫోన్ చేసి "నాయినా, తిన్నవా?" అని అడిగేది. తిన్నానని చెప్పేవాణ్ని. దాంతో ఆ రోజుకు నా మాటలు అయిపోయేవి. ఆఫీసులో మాట్లాడేవాళ్లున్నారు గానీ అవి మాటలు కావు, యూరియా బస్తాలు.

ఆ వానాకాలంలో ఒకరోజు మా పై అధికారి నన్ను పిలిచాడు. నాకంటే చాలా చిన్నవాడు, మంచివాడే. కాకపోతే ఏ చిన్న పని చెప్పినా యుద్ధానికి పంపుతున్నట్టు చెప్పేవాడు.

"ఇథియోపియా దేశం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. హైదరాబాదుల పీహెచ్‌డీ చేస్తున్నది. కందికి వచ్చే ఎండు తెగులు మీద. ఈ సీజన్ తాండూరుల్నే ఉండి, యాలాల్ దిక్కు ఊళ్లు తిరిగి రైతులను అడుగుతదట. నువ్వు ఎంబడి పో. మన ఇజ్జత్ సవాల్."

"నాకు ఇంగ్లీషు అంతంతే గద సార్."

"ఆమెకు తెలుగు అసలే రాదు. సరికి సరి."

నా ఇంగ్లీషు పురుగుమందు డబ్బాల మీద చదివి నేర్చుకున్నది. ఆమెతో దానితోనే నెట్టుకొచ్చాను. ఆమె మాటలన్నీ ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. మధ్యలో ఇద్దరం చేతులు తిప్పుతూ, నేల మీద పుల్లతో బొమ్మలు గీస్తూ పడ్డ తిప్పలు మీరే ఊహించుకోండి.

పొడుగ్గా, సన్నగా ఉండేది ఆ పిల్ల. తలంతా సన్నని జడలు. గొంతు ఎంత చిన్నదంటే జీపులో వెనక సీటు నుంచి మాట్లాడితే డ్రైవరు ఇంజను ఆపేసి "ఏమన్నది సార్?" అని అడిగేవాడు. ఆ డ్రైవరు కర్ణాటక సరిహద్దు ఊరివాడు. నోరు మూసుకుని కూర్చుంటే బండి నడవదని నమ్మేవాడు. మొదటి రోజు అతనే ఆమెను అడిగాడు, ఇండియా ఎట్లుంది మేడమ్మా అని. నేను ఇంగ్లీషులో చెప్పాను.

"మా నాన్నకు బడిలో లెక్కలు చెప్పింది ఇండియా నుంచి వచ్చిన సారే," అంది. "మా ఊళ్లో ఆయన ప్రతి ఇంటికీ వచ్చి కూర్చునేవాడట. మా తాతవాళ్లతో ఒకే పళ్లెంలో తినేవాడట. మా నాన్న ఇప్పటికీ చెబుతుంటాడు. అందుకే నేను మీ దేశం కోరుకున్నాను."

"మరి, అట్లనే ఉందా?" అన్నాను.

"హైదరాబాదు హాస్టల్లో అందరూ నాకు హాయ్ చెబుతారు. కానీ నేను తినే టేబుల్ దగ్గర కుర్చీలు ఖాళీగా ఉంటాయి. పెద్ద ఊరు కదా, అంతేలే అనుకున్నాను. పల్లెలు వేరుగా ఉంటాయని వచ్చాను."

నేను ఉప్పొంగిపోయాను. పల్లెల్లో చూడు మా మర్యాద, అన్నాను. అప్పటికింకా ఏ ఊరూ రాలేదు, జీపు తాండూరు దాటి నాపరాళ్ల గనుల దుమ్ములోనే ఉంది.

మొదటి ఊరిలో మొదటి ఇల్లు ఒక పటేలుది. పెద్ద రైతు. కంది, జొన్న, కొంచెం పత్తి. నాకు తెలిసిన ఇల్లే, ఎన్నో ఏళ్లుగా పోతున్న ఇల్లు. విదేశం మేడం వస్తోందని ముందే ఫోన్ చేశాను. మేం వెళ్లేసరికి వాకిట్లో జాతర. అరుగు మీద ఒక కుర్చీ, దాని మీద ఉతికిన టవలు. అది ఆమెకు. పక్కన నాకొక స్టూలు. ఊళ్లో మగవాళ్లంతా నిలబడి ఉన్నారు, ఆడవాళ్లు గోడ వెంట, పిల్లలు గోడ మీద.

పటేలమ్మ లోపలినుంచి వచ్చింది. అరవై దగ్గర పడ్డ మనిషి, చేతులకు ఇంకా పిండి ఉంది. కొత్త పేపర్ ప్లేటులో జొన్న రొట్టె, పప్పు, సజ్జ లడ్డూ పెట్టి ఆమె చేతికిచ్చింది. పూల బొమ్మలున్న కాగితం గ్లాసులో చాయ్ పోసింది. నేను అలవాటుగా సంచిలోంచి నా స్టీలు గ్లాసు తీసి పట్టుకున్నాను. పటేలమ్మ పైనుంచి అందులో పోసింది.

"మా సారు మస్తు శుభ్రమున్న మనిషి," అన్నాడు పటేలు ఆమెకు వినిపించేట్టు. "ఏడికి వోయినా ఆయన గ్లాసు ఆయన ఎంబడే ఉంటది."

ఆమెకు అర్థం కాకపోయినా నవ్వింది. తర్వాత రొట్టె తుంచి, చుట్టూ చూసి, నేను జీపులో నేర్పిన ముక్కలతో పటేలమ్మను అడిగింది. "అమ్మా, మీరు? తినండి."

"అయ్యో, మీరు తినుండ్రి మేడం. మేం తర్వాత తింటం."

అంతే. ఊరంతా నిలబడి చూస్తుండగా ఆ పిల్ల ఒక్కతే తిన్నది. "జర ఇంకో రొట్టె ఎయ్యుండ్రి" అని ఒకరు, "కారమైందా మేడం" అని ఒకరు. ఫోన్లన్నీ ఆమె మీదే. ఆమె నములుతుంటే దవడ కదలడం కూడా చూస్తున్నారు. తినడం అయ్యాక పని మొదలుపెట్టింది. కంది ఎట్లుంది, ఎండు తెగులు ఉందా, విత్తనం ఎక్కడిది?

"అంతా మంచిగున్నది మేడం," అన్నాడు పటేలు. "ఏం తెగుల్లేదు."

నిలబడ్డవాళ్లంతా మంచిగున్నది అన్నారు. దారిలో వస్తూ నేను ఆ ఊరి చేన్లు చూశాను. ఆమె కూడా చూసింది. సాళ్లకు సాళ్లు వాడిపోయి నిలబడ్డాయి. కానీ చుట్టపు చూపుగా వచ్చిన మనిషి ముందు, అందులోనూ పరదేశం మనిషి ముందు, ఇంటి నష్టం ఎవరు చెప్పుకుంటారు? ఆమె మాట్లాడకుండా రాసుకుంది, మంచిగున్నది అని.

తర్వాత ప్రతి ఊళ్లో అదే తంతు. ఒక ఊరివాళ్లు ఇంకో ఊరి చుట్టాలకు ఫోన్ చేసి చెప్పుకునేవాళ్లు, మేడంకు కొత్త గ్లాసులు తెప్పించుండ్రని. కుర్చీలు మారాయి, టవళ్లు మారాయి. మంచిగున్నది అన్న మాట మారలేదు. తాండూరు బజారులో కూడా ఆమె నడుస్తుంటే కుర్రాళ్లు పరుగెత్తుకొచ్చి సెల్ఫీ అడిగేవాళ్లు. పక్కన నిలబడి వేళ్లు చూపించి ఫొటో తీసుకుని పోయేవాళ్లు. ఒక్కడు కూడా పేరడగలేదు.

ఒక సాయంత్రం తిరిగి వస్తుంటే జీపులో ఆమె ఉన్నట్టుండి అడిగింది.

"సర్, నేను ముట్టుకున్న గ్లాసును వాళ్లు మళ్లీ వాడరా?"

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాను. "అది కాదమ్మా. కాగితం గ్లాసు అంటే కొత్తది. ఎవరూ నోరు పెట్టనిది. నీకు వాళ్లు చేసేది పెద్ద మర్యాద."

ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. అటే చూస్తూ అంది. "ఆ మొదటి ఇంట్లో చేన్లో కలుపు తీసి వచ్చిన ఆడవాళ్లు పెరట్లో కూర్చుని ఉన్నారు. వాళ్లకూ అవే గ్లాసుల్లో ఇచ్చారు. వాళ్లు కూడా పెద్ద అతిథులా?"

డ్రైవరు "ఏమన్నది సార్, ఏమన్నది?" అని రెండుసార్లు అడిగాడు. ఏం లేదు నడుపు, అన్నాను. ఆ రోజు రైల్లో కూడా నాకు అదే మాట చెవిలో ఉంది. ఎన్నో వేల చాయ్‌లు తాగాను ఆ ఊళ్లల్లో. పెరట్లోకి చూడకుండా తాగడం నాకు బాగా అలవాటైపోయింది.

తర్వాత వారం ఆమె ఊళ్లకు రాలేదు. ఒంట్లో బాగాలేదని మెసేజ్ పెట్టింది. ఆ తర్వాత ఇంకో మెసేజ్ వచ్చింది, ఆదివారం తాండూరులో తన అద్దె గదికి కాఫీకి రమ్మని. మా ఆఫీసు వాళ్లందరినీ పిలిచింది. పక్క గదుల్లో ఉండే నర్సింగ్ పిల్లలను, ఇంటి ఓనరమ్మను కూడా. మా పై అధికారి "నువ్వు పో, నేను పోయినట్టే" అన్నాడు. డ్రైవరును ఆయన హైదరాబాదు తీసుకుపోయాడు. ఆదివారం రైల్లో తాండూరు పోవడం నాకు అదే మొదలు, అదే చివర.

నేను వెళ్లేసరికి ఆమె గది నేల మీద పచ్చగడ్డి పరిచి ఉంది. చిన్న బొగ్గుల కుంపటి, పొడుగు మెడ ఉన్న నల్లటి మట్టి కూజా, చిన్న చిన్న పిడిలేని కప్పులు వరుసగా. పక్కన గిన్నెలో మక్క పేలాలు. తెల్ల చీరలాంటి గుడ్డ కట్టుకుని నేల మీద కూర్చుని కాఫీ గింజలు వేయిస్తోంది. మూలన సాంబ్రాణిలాంటిది ఏదో పొగ వేసింది.

ఆ పొగకు ఇంటి ఓనరమ్మ తలుపు దగ్గరికొచ్చింది. "ఏం పూజ చేస్తున్నదయ్యా ఈ పిల్ల?" అని నన్నడిగింది. పూజ కాదు, కాఫీ, మిమ్మల్ని రమ్మంది కదా అన్నాను.

"మాకు చాయే అలవాటు, కాఫీ పడదు," అని ఆమె గడప బయటే నిలబడి, గడ్డినీ కూజానూ ఫోన్లో ఫొటో తీసుకుని, "మస్తున్నది" అని చెప్పి వెళ్లిపోయింది. నర్సింగ్ పిల్లలు డ్యూటీ అన్నారట. వరుసగా పెట్టిన కప్పుల ముందు నేనొక్కణ్ణే కూర్చున్నాను.

ఆ పిల్ల వేగిన గింజల పెనం నా మొహం దగ్గరికి తెచ్చి పొగ పీల్చమంది. దంచింది. కూజాలో కాచింది. కూజా ఎత్తి కప్పులో పోయబోతుంటే నా చెయ్యి దానంతటదే సంచిలోకి పోయింది. స్టీలు గ్లాసు తీసి ఆమె ముందు పట్టాను.

ఆమె చెయ్యి ఆగిపోయింది. కూజా కిందికి దించింది.

"మీరు కూడానా," అంది.

"ఏంటి?"

"నా గదిలోకి మీ గ్లాసు తెచ్చుకున్నారు." ఆమె కప్పును వెనక్కి జరిపింది. "అందరూ అట్లాగే ఉన్నా, మీరొక్కరు మాత్రం నాతో మాట్లాడతారు కదా అనుకున్నాను. నా కప్పులు కడిగినవే సర్. నేను వచ్చే వారం వెళ్లిపోతున్నాను. మా పీహెచ్‌డీ సారుకు రాసేస్తాను, నా వల్ల కాదని. ఇంటికెళ్లి ఇంకేదైనా చేసుకుంటాను. ఇక్కడ నాకు ఒక్క జవాబు కూడా ఎవరూ నిజం చెప్పరు. ఒక్కరు నాతో కూర్చుని తినరు. ఇంక ఏం రాయను నేను?"

కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ ఏడవలేదు. నాకే ఏడుపొచ్చేట్టుంది. నేనొచ్చింది ఆమెను ఒంటరిగా వదలొద్దని, తీరా నేను చేసిన పని ఇదీ. ఆ పొగలో, ఆ గడ్డి మీద కూర్చుని, నా సర్వీసు మొత్తంలో మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పని సంగతి చెప్పాను, నాకొచ్చిన ఆ పురుగుమందు ఇంగ్లీషులోనే.

మాది మర్పల్లి దిక్కు ఊరు. మా ఇళ్లు ఊరికి అవతల ఉంటాయి, ఎందుకుంటాయో ఇక్కడ చదివేవాళ్లకు చెప్పక్కర్లేదు, ఆమెకు చెప్పాల్సి వచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రైతు ఇంటికి పోయాను. వాళ్ల ఇల్లాలు స్టీలు గ్లాసులో చాయ్ పట్టుకుని బయటికొస్తూ, గడప మీద ఆగి, "సారుది ఏ ఊరు? ఎవరోళ్లు?" అని అడిగింది. చెడ్డ మనిషి కాదు. మాటవరసకు అడిగింది. చెప్పాను. ఆమె ఆ గ్లాసుతో అట్లాగే నిలబడిపోయింది. ముందుకు రాలేదు, వెనక్కి పోలేదు. పాపం, ఆమెకు ఏం చెయ్యాలో తెలియలేదు. ఆమె అట్లా నిలబడి ఉండటం చూడలేక, నాకు చాయ్ అలవాటు లేదమ్మా అని నేనే లేచి వచ్చేశాను. మర్నాడు అంగట్లో ఒక స్టీలు గ్లాసు కొని సంచిలో వేసుకున్నాను.

"అప్పటినుంచి ఏ ఇల్లాలూ నా ముందు అట్లా నిలబడలేదు," అన్నాను. "చాయ్ రాగానే నా గ్లాసు నేనే చాపుతాను. శుభ్రం మనిషని పేరొచ్చింది. నన్నెవరూ అవమానించలేదు. ఆ అవకాశం నేనే ఎవరికీ ఇవ్వలేదు."

ఆమె నా గ్లాసు వంక చూసింది.

"మరి జీపులో మర్యాద అన్నారు కదా. అబద్ధమా?"

"నీ విషయంలో అబద్ధం కాదు. వాళ్లు నిజంగా పెద్ద మనిషివని ఇచ్చారు. పెరట్లో వాళ్లకు ఇచ్చింది ఎందుకో నువ్వు సరిగ్గానే చూశావు. గ్లాసు ఒకటే."

ఆమె నా గ్లాసు తీసి పక్కన పెట్టింది. చిన్న కప్పు నిండా కాఫీ పోసి రెండు చేతులతో నాకిచ్చింది. తనూ ఒకటి తీసుకుంది. కటిక చేదు. తాగాను. వాళ్ల పద్ధతిలో మూడుసార్లు పోస్తారట, మూడోసారి పోసేదాన్ని దీవెన అంటారట, అది తాగకుండా లేవకూడదట. వాళ్ల ఊళ్లో కాఫీ ఒంటరిగా తాగడమంటే ఇంట్లో ఏదో కీడు జరిగినట్టేనని చెప్పింది. ఈ గదిలో రోజూ ఒక్కతే తాగుతున్నానని కూడా చెప్పింది. అప్పటినుంచి నన్ను సర్ అనడం మానేసి గాషే అంది. వాళ్ల భాషలో పెద్దవాళ్లను అట్లా పిలుస్తారట.

మూడో కప్పు దగ్గర ఆమె అంది. "ఒక్కసారి ఆ మొదటి ఇంటికి పోదాం గాషే. నేను ఆ అమ్మను నాతో కూర్చోమని అడుగుతాను. కూర్చోకపోతే వెళ్లిపోతాను. మీరు మీ గ్లాసు లేకుండా రండి."

"నేనెందుకు? కొన్నాళ్లకు రిటైరైపోతాను. ఇన్నేళ్లు తెలుసుకోకుండా గడిపినది ఇప్పుడు తెలుసుకుని ఏం చేసుకోను?"

"నేనైతే తెలుసుకునే వెళ్తాను," అంది.

సరే అన్నాను. ఆ పూట ఆమెకు ఒక వాక్యం నేర్పించాను, పటేలమ్మ మాట్లాడే తీరులోనే. తప్పు లేకుండా వచ్చేదాకా చెప్పించాను. ఆ వయసులో చిన్నపిల్లకు పాఠం చెప్పినట్టు చెప్పాను, మనసుకు హాయిగా ఉండింది.

ముందుగా ఫోన్ చేయకుండా పోయాం ఈసారి. పటేలు పొలం దిక్కు పోయాడు. వాకిట్లో జనం లేరు. పటేలమ్మ అరుగు మీద కందులు చెరుగుతోంది. మమ్మల్ని చూసి కంగారుపడి, కుర్చీ తెప్పించబోయింది. ఈ పిల్ల చెప్పులు విడిచి నాపరాయి అరుగు మీద పటేలమ్మ పక్కనే కూర్చుంది. నేను స్టూలు మీద కూర్చున్నాను. డ్రైవరు జీపు దగ్గరే ఉండిపోయాడు.

"ఉండుండ్రి, చాయ్ తెస్త," అని పటేలమ్మ లోపలికి పోయి చాయ్ గిన్నె, ఒక కాగితం గ్లాసు తెచ్చింది. ఆ పిల్ల గ్లాసు అందుకోలేదు. నేర్చుకున్న వాక్యం చెప్పింది.

"పటేలమ్మా, నాకొక్కదానికి తాగబుద్ధి అయితలేదు. నువ్వు గూడ నాతోని కూసొని తాగు."

పటేలమ్మ నోరు తెరిచి నా వంక చూసింది. "ఏమంటున్నది సారూ?"

"ఇన్ని ఊళ్లు తిరిగినా ఒక్కరు ఆమెతోని కూసోలేదమ్మా. ఆమె ఒక్కతే తింటుంటే అందరు నిలవడి చూసిండ్రు. తనంటే మీకు గిట్టదనుకుంటున్నది. వాళ్ల దేశంల ఒక్క పళ్లెంల అందరు తింటరట."

"అయ్యో నా తల్లి!" పటేలమ్మ చెంపలేసుకుంది. "మా ఇంటి గ్లాసులు మేమందరం తాగేటియి. మా ఎంగిలియి ఆమెకెట్ల ఇస్తమని గద కొత్తయి తెప్పిచ్చిన. ఒక్కతే తాగితే బాధైతదని మాకేమెరుక? తాగుత బిడ్డా, తాగుత. నీతోనే తాగుత."

ఆ పిల్లకు బిడ్డా అన్న ఒక్క మాట అర్థమైంది. మొహం విప్పారింది.

అప్పుడు పటేలమ్మ నా వైపు తిరిగింది, గిన్నె పట్టుకుని. "సారూ, మీ గ్లాసు తియ్యుండ్రి."

"తేలేదమ్మా," అన్నాను.

ఆమె నిలబడిపోయింది. ఎన్నో ఏళ్ల కింద గడప మీద నిలబడ్డ ఇల్లాలు ఎట్లా నిలబడిందో, అట్లాగే. నన్ను ఏ ఊరు, ఎవరోళ్లు అని ఆమె అడగలేదు. ఆమెకు తెలుసు. ఊళ్లో అందరికీ తెలుసు. లేచి వెళ్లిపోదామా అనిపించింది. కడుపులో బాగాలేదని చెబితే సరిపోతుంది. కాళ్లు లేవడానికి సిద్ధమయ్యాయి కూడా. ఆ పిల్ల నా వంకే చూస్తోంది. కూర్చున్నాను.

"తెస్త ఉండుండ్రి," అని పటేలమ్మ లోపలికి పోయింది.

నేను కూర్చున్న చోటికి వంటింటి గోడ అల్మారా కనబడుతుంది. స్టీలు గ్లాసులు బోర్లించి వరుసగా పెట్టి ఉన్నాయి. పటేలమ్మ చెయ్యి వాటి దాకా పోయింది. ఒక గ్లాసును పట్టుకుంది కూడా. పట్టుకుని కాసేపు అట్లాగే ఉంది. తర్వాత దాన్ని అక్కడే వదిలేసి పక్కనున్న కాగితం గ్లాసుల కట్ట అందుకుంది. అందులోంచి ఒకటి తీసింది. ఆగింది. ఇంకోటి తీసింది.

బయటికొచ్చి, ఒక కాగితం గ్లాసు నా చేతికిచ్చింది, ఇంకోటి తన ముందు పెట్టుకుంది. మూడు గ్లాసుల్లోనూ చాయ్ పోసింది. తన ఇంట్లో, తన అరుగు మీద, తనూ కాగితం గ్లాసులోనే తాగింది. పోసేటప్పుడు నా కళ్లలోకి చూడలేదు.

పిల్లలూ, ఆ రెండో గ్లాసు ఆమె తన కోసం ఎందుకు తీసుకుందో నేను చాలా ఆలోచించాను. నాకు స్టీలు ఇవ్వలేకపోయింది. ఇవ్వలేకపోయిన సంగతి నాకు కనబడకూడదనుకుంది. అంత దూరం వచ్చింది, అక్కడ ఆగింది. ఆమె మీద నాకు కోపం లేదు. బాధ మాత్రం ఉంది, లేదని రాస్తే అబద్ధమవుతుంది. ఇప్పటికీ ఒక్కోరోజు పొద్దున చాయ్ పెట్టుకుంటుంటే అల్మారా మీద ఆగిన ఆ చెయ్యి కనబడుతుంది.

ఆ రోజు అరుగు మీద మాత్రం మాటలు ఆగలేదు. సగం చాయ్ అయ్యేసరికి పటేలమ్మ ఆ పిల్ల మోకాలి మీద చెయ్యేసి చెప్పడం మొదలుపెట్టింది.

"మా ఆయన మంచిగున్నది అన్నడు గానీ, ఏం మంచిగున్నది బిడ్డా? ఎనక చేను సగం ఎండిపాయె. పోయినేడు గూడ గంతే. విత్తనం మా ఇంటిదే, ఏండ్ల సంది ఒక్కటే చెల్క భూమిల ఏస్తున్నం. సర్కారోళ్లకు చెప్తే మల్ల ఏమంటరో అని చెప్తలేరు. నువ్వు రా, నేను సూపిస్త."

చెయ్యి పట్టుకుని చేనుకు తీసుకుపోయింది. ఎండిన మొక్క పీకి, కాండం చీల్చి లోపలి నల్లటి గీత చూపించింది. ఆ పిల్ల చేను గట్టు మీద కూర్చుని రాసుకుంటూ పోయింది. సాయంత్రానికి పక్కింటి ఆడవాళ్లు వచ్చి కలిశారు, తమ చేను కూడా చూడమని లాక్కుపోయారు. ఆ తర్వాత ఆమె వెళ్లిపోతానన్న మాట ఎత్తలేదు. కంది కోతలయ్యేదాకా తాండూరులోనే ఉంది, చదువు పూర్తి చేసింది. ఇప్పుడు వాళ్ల దేశంలో కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఎప్పుడైనా ఫోన్ చేసి పటేలమ్మ ఎలా ఉందని అడుగుతుంది.

నేను చెప్పాలనుకున్నది మాత్రం ఆ సాయంత్రం తిరుగు ప్రయాణంలో జరిగింది.

జీపులో ఆమె వెనక సీట్లోంచి ముందుకు వంగి, ఎప్పుడూ లేనంత గట్టిగా మాట్లాడుతోంది. డ్రైవరు ఇంజను ఆపాల్సిన అవసరమే రాలేదు. ఆ అమ్మ నాతో కూర్చుంది, నా మోకాలి మీద చెయ్యి పెట్టింది, బిడ్డా అంది, నిజం చెప్పింది. చెప్పిందే మళ్లీ చెబుతోంది, నవ్వుతోంది. దుమ్ము లేచి మొహాలకు కొడుతున్నా కిటికీ వెయ్యనివ్వలేదు.

తర్వాత నా భుజం మీద తట్టింది. "గాషే, చూశారా? మీరు ఊరికే భయపడ్డారు. మీకూ ఇచ్చింది. మీరు, నేను, ఆ అమ్మ, ముగ్గురికీ ఒకటే గ్లాసు. ఇద్దరం గెలిచాం!"

ఆమె కూర్చున్న చోటికి వంటింటి అల్మారా కనబడదు. నేను వెనక్కి తిరిగి ఆమె మొహం చూశాను. మన దేశం వచ్చాక మొదటిసారి ఒక్కతే కాకుండా చాయ్ తాగిన మనిషి మొహం అది.

"అవును బిడ్డా," అన్నాను. "ముగ్గురికీ ఒకటే."